షికారు పడవల కాపలా

విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాళ్ళకు కొత్త రేవు కనిపిస్తే మొదట పుట్టే ప్రశ్న ఒకటే: ఓడలు లోపలికొచ్చే దారి ఎటు, ఆ దారికి కాపలా ఎవరు? డాల్ఫిన్ నోస్ కొండ పక్క నుంచి ఓడలు ఒక్కొక్కటిగా ఇన్నర్ హార్బరులోకి దూరడం చూస్తూ పెరిగిన నాకు సిడ్నీలోనూ అదే ప్రశ్న వచ్చింది. సర్క్యులర్ కీ ఫెర్రీ రేవులో నిలబడితే ఎడమచేతి వైపు ఉక్కు వంతెన, కుడిచేతి వైపు ఒపేరా హౌస్. వచ్చినవాళ్ళందరి ఫోన్లూ ఆ రెండింటి మీదే ఉన్నాయి. నేనూ మా మేనల్లుడూ వాట్సన్స్ బే వెళ్ళే ఫెర్రీ ఎక్కి, సముద్రం వచ్చి కలిసే దిక్కుకు ముఖం పెట్టి కూర్చున్నాం.

మే నెల చివరి రోజులు. మనకు రోహిణి ఎండలు మండే ఆ సమయంలో అక్కడ చలికాలం మొదలవుతుంది. సాయంత్రం ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది. 1942లో సరిగ్గా ఈ రోజుల్లోనే, మే 31 ఆదివారం రాత్రి, జపాన్ నౌకాదళం ఈ హార్బరులోకి మూడు బుల్లి జలాంతర్గాములను పంపింది. వాటిని ఎదుర్కొన్నవాటిలో ముందు వరుసలో నిలిచినవి పెద్ద యుద్ధనౌకలు కావు. అంతకు ముందు దాకా కలిగినవాళ్ళు సెలవురోజుల్లో షికారుకూ చేపలవేటకూ వాడుకున్న మోటారు బోట్లు. ఆ కథ నడిచిన చోట్లన్నీ కాళ్ళతో నడిచి చూడాలని నాకు చాలాకాలంగా కోరిక.

“రోజూ ఈ ఫెర్రీలోనే ఆఫీసుకు పోతుంటాను. ఇక్కడ యుద్ధం జరిగిందని నాకెవరూ చెప్పలేదత్తా” అన్నాడు మేనల్లుడు.

నగరం అంత నిమ్మళంగా ఉంది మరి. ఒడ్డున ఇళ్ళు మెట్లుమెట్లుగా కొండల మీదికి ఎక్కి ఉన్నాయి. ప్రతి చిన్న కయ్యలోనూ తెల్ల పడవలు లంగరేసి ఉన్నాయి. ఆ పడవల వైపే చూపించి చెప్పాను: ఆ రాత్రి యుద్ధం చేసినవి ఇలాంటివే.

1942 నాటికి ఇలాంటి పడవలను యుద్ధంలోకి దింపే అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆ ఏడాది తొలి నెలలు గుర్తుచేసుకోవాలి. ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. నాలుగు రోజులకే ఆస్ట్రేలియా ఉత్తరపు కొసనున్న డార్విన్ మీద బాంబులు కురిశాయి. ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు మన విశాఖపట్నం మీదా కాకినాడ మీదా దాడి చేశాయి. విశాఖలో జనం మూటాముల్లె కట్టుకుని పల్లెలకు తరలిపోయారు. మా అమ్మమ్మ తరం ఆ ఏడాదిని బాంబుల ఏడాదిగానే లెక్కపెట్టుకుంది. విశాఖ మీద బాంబులు పడిన ఎనిమిది వారాలకు సిడ్నీ వంతు వచ్చింది.

అప్పటికి ఆస్ట్రేలియా దగ్గర యుద్ధనౌకలు లేకపోలేదు. కానీ అవి దూరపు సముద్రాల్లో ఓడల గుంపులకు తోడుగా తిరుగుతున్నాయి. కొత్త కార్వెట్లు యార్డుల్లో ఒక్కొక్కటిగా తయారవుతున్నాయి. ఉక్కు ఓడ కట్టాలంటే నెలలు పడుతుంది. హార్బరుకు కాపలా మాత్రం ఈ రాత్రి నుంచే కావాలి. అందుకే నౌకాదళం ప్రైవేటు మోటారు క్రూయిజర్లను స్వాధీనం చేసుకుంది. అద్దాల్లా మెరిసే చెక్కకు బూడిదరంగు పూసింది. మెషీన్‌గన్ బిగించింది. వెనక భాగాన డెప్త్ ఛార్జిలు, అంటే నీటిలోపల పేలే బాంబులు అమర్చింది. పేర్లు మాత్రం యజమానులు ముచ్చటపడి పెట్టుకున్నవే ఉంచింది: సీ మిస్ట్, స్టెడీ అవర్, యారోమా, లోలిటా, సిల్వర్ క్లౌడ్. ఇటువంటి పేర్ల ముందు హెచ్‌ఎంఏఎస్ అని చేర్చి వాటిని యుద్ధనౌకల జాబితాలో రాశారు. వీటికి ఛానెల్ పెట్రోల్ బోట్లని అధికారిక నామం. చూడటానికి సినిమా తారల పడవల్లా ఉన్నాయని నావికులు మాత్రం హాలీవుడ్ ఫ్లీట్ అన్నారు. వీటిలో కొన్ని నార్వే నుంచి వలస వచ్చిన హాల్వర్సన్ కుటుంబం యార్డులో తయారైనవి. ఆ యార్డే తర్వాత నౌకాదళానికి ఫెయిర్‌మైల్ యుద్ధ లాంచీలు కట్టింది.

ఇవి కాక మరో వరుస ఉంది. 1937లో సిడ్నీ పడవల యజమానులు కొందరు వాలంటీర్ కోస్టల్ పెట్రోల్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. యుద్ధం రాబోతోందని, అప్పుడు తీరం తెలిసిన మనుషులు కావలసి వస్తారని వాళ్ళకు ముందే తోచింది. 1941లో నౌకాదళం నావల్ ఆక్సిలియరీ పెట్రోల్‌ను ఏర్పాటు చేసినప్పుడు ఇలాంటివాళ్ళెందరో తమ పడవలతో సహా అందులో చేరారు. పగలు ఉద్యోగమో వ్యాపారమో చూసుకుని రాత్రి కాపలాకు వచ్చినవాళ్ళు వాళ్ళు. ఆ పడవల్లో చాలా వాటికి ఆయుధమే లేదు. దీపం, కళ్ళు, నీటి మీద ఏది మామూలో ఏది కాదో తెలిసిన అలవాటు: వాళ్ళ సామగ్రి అంతే.

వాట్సన్స్ బేలో దిగి ఇళ్ళ మధ్య సందుల్లోంచి నడిస్తే క్యాంప్ కోవ్ అనే చిన్న ఇసుక తీరం వస్తుంది. దాని పక్కనే నీటిలోకి పొడుచుకొచ్చిన గడ్డి మిట్ట, గ్రీన్ పాయింట్. పటాల్లో లెయింగ్ పాయింట్ అని కూడా ఉంటుంది. ఇక్కడి నుంచి ఎదురుగా ఉన్న జార్జెస్ హెడ్ కొండ దాకా దాదాపు ఒకటిన్నర కిలోమీటరు నీరు. సముద్రం నుంచి సిడ్నీలోకి వచ్చే ప్రతి ఓడా ఈ వాకిలి దాటాల్సిందే. అందుకే ఈ కొసకూ ఆ కొసకూ మధ్య జలాంతర్గాములను ఆపే ఉక్కు వల కట్టడం మొదలుపెట్టారు. ఆ పనుల తాలూకు కాంక్రీటు ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. పిల్లలు వాటి మీంచి నీళ్ళ వైపు దూకుతూ ఆడుకుంటున్నారు.

మే 31 నాటికి ఆ వల పూర్తికాలేదు. మధ్య భాగం సిద్ధమైంది, రెండు కొసల దగ్గరా నాలుగు వందల మీటర్ల చొప్పున ఖాళీలు మిగిలాయి. వలకు ఆవల నీటి అడుగున పరిచిన తీగచుట్టలున్నాయి. వాటి మీదుగా ఇనుప శరీరం ఏదైనా దాటితే ఒడ్డున ఉన్న యంత్రం మీద గీత వంకర తిరుగుతుంది. మంచి ఏర్పాటే. కానీ ఫెర్రీలు, చిన్న పడవలు దాటినా గీత వంకర తిరిగేది. రోజంతా అలాంటి గీతలు చూసేవాళ్ళకు అందులో శత్రువు గీత ఏదో పోల్చుకోవడం కష్టం. రాత్రి 8:01కి మొదటి జలాంతర్గామి గీత పడింది. ఏదో మామూలు పడవ అనుకుని వదిలేశారు.

అంతకు ముందు రోజు తెల్లవారుజామున సుసుము ఇతో అనే పైలట్ జలాంతర్గామి నుంచి లేచిన చిన్న నీటివిమానంలో ఈ హార్బరు మీద చక్కర్లు కొట్టి, అమెరికన్ క్రూయిజర్ షికాగో ఎక్కడుందో చూసుకుని పోయాడు. కింద ఉన్నవాళ్ళలో కొందరు దాన్ని చూశారు కూడా. అమెరికా విమానమే అనుకున్నారు. పెద్ద జలాంతర్గాములు ఐదు హార్బరు బయట కాచుకుని ఉన్నాయి. అందులో మూడు తమ వీపు మీద మోసుకొచ్చిన బుల్లి జలాంతర్గాములను వదిలాయి. ఒక్కోటి 24 మీటర్ల పొడవు, 46 టన్నుల బరువు. లోపల ఇద్దరే మనుషులు, ముందు రెండు టార్పెడోలు.

మొదటిదానిలో లెఫ్టినెంట్ చూమన్, పెటీ ఆఫీసర్ ఓమోరి ఉన్నారు. అది వల పశ్చిమపు కొసన చిక్కుకుంది. దాన్ని ముందుగా కనిపెట్టింది ఏ యుద్ధనౌకా కాదు. వల పనుల దగ్గర కాపలా ఉన్న జేమ్స్ కార్గిల్ అనే రాత్రి వాచ్‌మన్. 8:15కి నీళ్ళలో ఏదో వింత ఆకారం కనిపిస్తే తెడ్ల పడవ వేసుకుని దగ్గరికి పోయి చూశాడు. అక్కడి నుంచి యారోమా దగ్గరికి తెడ్లేసుకుంటూ వెళ్ళి చెప్పాడు. యారోమా మీద సబ్ లెఫ్టినెంట్ ఐయర్స్‌కు అది అయస్కాంత మందుపాతరేమో అని సందేహం. ఆ కబురు హార్బరు నావికాధిపతి, రియర్ అడ్మిరల్ మ్యూర్‌హెడ్-గౌల్డ్ దాకా చేరేసరికి 9:52 అయింది. తొంభై ఏడు నిమిషాలు.

గ్రీన్ పాయింట్ మీద నిలబడి ఆ అంకె తలుచుకున్నాను. ఎదురుగా నీళ్ళు. పెద్ద దూరమేమీ కాదు. కబురు చేరడానికి నాలుగు నిమిషాల ముందు, 9:48కి, సబ్ లెఫ్టినెంట్ బాన్, పెటీ ఆఫీసర్ అషిబే నడుపుతున్న రెండో జలాంతర్గామి ఈ వాకిలి దాటి లోపలికి పోయింది. చూసినవాడు గంటన్నర ముందే చూశాడు. చెప్పినవాడు చెప్పాడు. విన్నవాళ్ళ దగ్గరే సమయం కరిగిపోయింది.

తర్వాత జరిగింది చిన్న పడవల పరిమితి ఏమిటో, ధైర్యం ఏమిటో రెండూ చూపిస్తుంది. లోలిటా దగ్గరికి పోయి అది బుల్లి జలాంతర్గామే అని నిర్ధారించుకుంది. రెండు డెప్త్ ఛార్జిలు దాని మీద వదిలింది. పేలలేదు. డెప్త్ ఛార్జి నిర్ణీత లోతుకు మునిగితేనే నీటి ఒత్తిడికి దాని మీట కదులుతుంది. వల దగ్గర అంత లోతు లేదు. యారోమా తుపాకి కాల్చడానికి అనుమతి అడిగి ఎదురుచూస్తూ ఉంది. 10:35కి జలాంతర్గామిలోని ఇద్దరూ తమ పేలుడు పదార్థాన్ని తామే పేల్చుకున్నారు. ఆ తర్వాత అధికారిక నివేదిక యారోమా ఆలస్యాన్ని తప్పుపట్టింది. కానీ అడగకుండా కాల్చే అధికారం ఆ పడవకు ఎంత ఉంది, అడిగితే జవాబు ఎంతసేపటికి వస్తోంది అన్నది నన్ను ఇంకా వేధిస్తున్న ప్రశ్న.

మూడోది లెఫ్టినెంట్ మత్సువో, పెటీ ఆఫీసర్ త్సుజుకులది. రాత్రి పదకొండు కావస్తుండగా దాన్ని పట్టింది లారియానా. ఆయుధం ఒక్కటీ లేని ఆక్సిలియరీ పెట్రోల్ బోటు అది. సెర్చ్‌లైటు వేసి జలాంతర్గామి బురుజును వెలుగులో నిలబెట్టి, పక్కనున్న యాండ్రాకు సైగ చేసింది. యాండ్రా కూడా యుద్ధం కోసం తీసుకున్న వాణిజ్య నౌకే. అది గుద్దింది, డెప్త్ ఛార్జిలు వేసింది. మునిగిపోయిందనుకున్నారు. మత్సువో దెబ్బతిని అడుగున గంటల తరబడి కాచుకున్నాడు.

తిరుగు ఫెర్రీలో గార్డెన్ ఐలాండ్ దగ్గరపడేటప్పుడు మేనల్లుడే లేచి రెయిలింగు దగ్గరికి పోయాడు. నౌకాదళ స్థావరం. బూడిదరంగు ఓడలు, క్రేన్లు. ఆ రాత్రి ఇక్కడే, చుట్టుపక్కల నీళ్ళలోనే, షికాగోతో పాటు ఆస్ట్రేలియా ఓడలు ఎన్నో లంగరేసి ఉన్నాయి. వాటి మధ్య మనదీ ఒకటి ఉంది: హెచ్‌ఎంఐఎస్ బాంబే. రాయల్ ఇండియన్ నేవీ కోసం సిడ్నీలోనే కట్టిన కార్వెట్, అప్పటికి సేవలో చేరి నెల దాటిందంతే. అదే తరగతిలో మనకు బెంగాల్, మద్రాస్, పంజాబ్ అనే మరో మూడు ఓడలు కూడా ఆస్ట్రేలియా కట్టి ఇచ్చింది. సిడ్నీ కథలో భారత నౌకాదళం ఆ రాత్రి అక్కడ ఉందన్న సంగతి మన పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు నేను.

లోపలికి దూరిన బాన్ జలాంతర్గామిని షికాగో చూసి కాల్పులు మొదలుపెట్టింది. గుండ్లు నీళ్ళ మీద ఎగిరి అవతలి ఒడ్డు దాకా పోయాయి. ఫెర్రీలను మాత్రం ఆపలేదు. పడవలు తిరుగుతూ ఉంటే శత్రువు పైకి తేలడానికి వెనకాడతాడని అడ్మిరల్ ఆలోచన. గార్డెన్ ఐలాండ్‌లో కొత్త డాక్ పనుల కోసం వేసిన పెద్ద దీపాలు కూడా వెలుగుతూనే ఉన్నాయి. 12:25కి గాని ఆర్పలేదు. ఐదు నిమిషాలకు బాన్ టార్పెడో వదిలాడు. అది షికాగోకు తగల్లేదు. డచ్చి జలాంతర్గామి ఒకదాని కిందుగా పోయి ఒడ్డు గోడకు తగిలి పేలింది. ఆ పేలుడుకు కుట్టబుల్ అనే పడవ మునిగింది. రెండో టార్పెడో పేలకుండా ఒడ్డెక్కి ఆగింది.

కుట్టబుల్ కూడా పౌరుల పడవే. 1922లో నీటిలోకి దిగిన ఆవిరి ఫెర్రీ. వంతెన లేని రోజుల్లో హార్బరు అటువైపు నుంచి ఇటువైపుకు రోజూ జనాన్ని దాటించింది. ఒక్క విడతకు రెండు వేల మందికి పైగా ఎక్కేవారు. 1932లో వంతెన తెరవగానే దాని పని తగ్గిపోయింది. యుద్ధం వచ్చాక నౌకాదళం తీసుకుని, నావికులు పడుకునే బసగా మార్చింది. ఆ రాత్రి అందులో నిద్రపోతున్నవాళ్ళలో 21 మంది చనిపోయారు: 19 మంది ఆస్ట్రేలియా నావికులు, ఇద్దరు బ్రిటిష్ నావికులు. గార్డెన్ ఐలాండ్ స్థావరానికి తర్వాత ఆ పడవ పేరే పెట్టారు. ఆ ఫెర్రీ చుక్కాని గది, ఒక జలాంతర్గామి బురుజు రెండింటినీ నౌకాదళం తన వారసత్వ కేంద్రంలో భద్రపరిచింది. మా పక్కన కూర్చున్న స్థానికులకు ఆ పేరు స్థావరం గేటు మీది పేరుగానే తెలుసు. ఒక పెద్దావిడ మాత్రం మా మాటల్లో కుట్టబుల్ అనే పేరు విని, తాతగారి కాలంలో ఇంట్లోవాళ్ళు ఆ ఫెర్రీ ఎక్కేవాళ్ళని చెప్పింది.

మర్నాడు టారొంగా జూ రేవులో దిగి బ్రాడ్లీస్ హెడ్ మీదుగా అడవి దారి పట్టాం. ఎర్రటి నున్నటి మానుల అంగోఫోరా చెట్లు, వాటి వేళ్ళు ఇసుకరాళ్ళ మీద పారినట్టు పాకి ఉన్నాయి. దారి ఓ మలుపు తిరిగేసరికి కింద చిన్న నీలి కయ్య. అదే టేలర్స్ బే. బీచి లేదు, దుకాణం లేదు. చుట్టూ చెట్లు, మధ్యలో రెండు మూడు పడవలు. ఆ రాత్రి యుద్ధం చివరి అంకం ఇక్కడ నడిచింది.

గంటల తరబడి అడుగున దాగిన మత్సువో తెల్లవారుజామున మళ్ళీ లోపలికి వచ్చాడు. ఐదు గంటలకు ఈ కయ్యలో జలాంతర్గామి బురుజు కనిపించిందని కబురు. సీ మిస్ట్, స్టెడీ అవర్, యారోమా మూడూ ఇక్కడికి చేరాయి. సీ మిస్ట్ లెఫ్టినెంట్ రెజినాల్డ్ ఆండ్రూ చేతిలో ఉంది. ఆ పడవ బాధ్యత ఆయనకు అప్పుడే వచ్చింది. డెప్త్ ఛార్జి 15 మీటర్ల లోతులో పేలేట్టు పెట్టారు. వదిలాక అది పేలేలోగా సీ మిస్ట్‌కు దొరికే వ్యవధి ఐదు సెకన్లు. ఆ ఐదు సెకన్లలో అది తన సొంత బాంబు దెబ్బకు అందనంత దూరం పోవాలి.

షికారు కోసం కట్టిన చెక్క పడవకు అది చిన్న పని కాదు. వేగంగా పోయే యుద్ధనౌక డెప్త్ ఛార్జి వదిలి దూసుకుపోతుంది. దాని బలమే దానికి రక్ష. షికారు బోటుకు ఆ వేగం లేదు, ఆ ఉక్కు ఒళ్ళు లేదు. మొదటిది పేలితే జలాంతర్గామి తల్లకిందులై పైకి వచ్చింది. రెండోది వేసినప్పుడు పేలుడు ధాటికి సీ మిస్ట్ ఇంజను ఒకటి చెడిపోయింది. అది పక్కకు తప్పుకుంది. మిగిలిన రెండూ వంతులేసుకుని దాడి సాగించాయి. ఉదయం ఎనిమిదిన్నర దాకా, మూడు పడవలూ కలిసి 17 డెప్త్ ఛార్జిలు వేశాయి. తర్వాత దిగిన డైవర్లకు జలాంతర్గామి అడుగున దొరికింది. లోపల ఇద్దరూ తమను తామే కాల్చుకుని చనిపోయి ఉన్నారు.

స్టెడీ అవర్‌ను నడిపిన లెఫ్టినెంట్ ఏథోల్ టౌన్లీ యుద్ధానికి ముందు టాస్మేనియాలో మందుల దుకాణంలో పని చేసినవాడు. యుద్ధం తర్వాత పార్లమెంటుకు ఎన్నికై 1958 నుంచి 1963 దాకా ఆస్ట్రేలియా రక్షణ మంత్రిగా ఉన్నాడు. టేలర్స్ బే పైన రాతి మీద కూర్చుని ఆ సంగతి మేనల్లుడితో చెప్పాను. “అంటే మందులషాపాయన సబ్‌మెరైన్ మీద పోరాడి డిఫెన్స్ మినిస్టరయ్యాడా?” అని అడిగాడు. అవును. దేశం ప్రమాదంలో పడినప్పుడు రేవులో పడవ నడపడం వచ్చిన ప్రతివాడి నైపుణ్యమూ లెక్కలోకి వచ్చింది. అలా లెక్కలోకి వచ్చినవాళ్ళు మంత్రులుగా మారినా వాచ్‌మన్లుగానే మిగిలినా ఆ రాత్రి చేసిన పని ఒక్కటే.

నాలుగు జపాన్ మృతదేహాలకు జూన్ 9న నౌకాదళ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపారు. 21 మందిని పోగొట్టుకున్న నగరంలో అది చాలామందికి నచ్చలేదు. మ్యూర్‌హెడ్-గౌల్డ్ వెనక్కి తగ్గలేదు. అంత ధైర్యం ఏ ఒక్క జాతి సొత్తూ కాదని ఆయన ఉద్దేశం. కబురు వినడంలో జరిగిన ఆలస్యానికి ఆయన కార్యాలయాన్ని ఎంత తప్పుపట్టినా, ఈ ఒక్క నిర్ణయానికి నేను ఆయనను గౌరవిస్తాను. అస్థికలను ఆ ఏడే ఓడలో జపాన్ పంపారు. 1968లో మత్సువో తల్లి, ఎనభై దాటిన వయసులో, కొడుకు చనిపోయిన ఈ నీళ్ళను చూడటానికి వచ్చింది. దొరికిన రెండు జలాంతర్గాముల ముక్కలు కలిపి ఒకటిగా చేసి, లారీ మీద ఊరూరా తిప్పి నావికుల సహాయనిధికి చందాలు పోగుచేశారు. అది ఇప్పుడు కాన్‌బెర్రా యుద్ధ స్మారకం సొత్తు. బాన్, అషిబే మాత్రం వచ్చిన దారినే బయటపడి మాయమయ్యారు. 2006లో సిడ్నీకి ఉత్తరాన, తీరానికి కొద్ది దూరంలో, యాభై మీటర్లకు పైగా లోతున వాళ్ళ జలాంతర్గామి దొరికింది. దాన్ని కనిపెట్టింది కూడా నౌకాదళం కాదు, సరదాకు నీటిలో దిగే డైవర్ల బృందం.

సిడ్నీది ఒంటరి ఉదాహరణ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలోనే బ్రిటన్ మోటారు బోటు యజమానులను పడవలతో సహా తన వాలంటీర్ రిజర్వులోకి తీసుకుంది. 1917లో అమెరికా ప్రైవేటు పడవలకు ప్రత్యేక నంబర్లు ఇచ్చి తీరం గస్తీకి పంపింది. 1942లో జర్మన్ యూబోట్లు అమెరికా తీరం వెంట ఓడలను ముంచుతుంటే తెరచాప పడవలను కూడా దింపారు. ఎక్కడైనా కారణం ఒకటే: శత్రువు త్వరగా వస్తాడు, ఓడ కట్టడం ఆలస్యమవుతుంది, మధ్యలో ఉన్న ఖాళీని నీళ్ళు తెలిసిన మనుషులు నింపాలి. ఆ పడవలు ముంచిన జలాంతర్గాములు చాలా తక్కువ. వాటి అసలు పని ముంచడం కాదు. ఉండటం, చూడటం, చెప్పడం. కాపలా పడవ తిరుగుతున్న చోట శత్రువు పైకి తేలడానికి జంకుతాడు. ఆ జంకే సగం రక్షణ.

మన తీరంలో కూడా ఈ పాఠం ఉంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ వాకిట్లోనే మునిగింది. నీళ్ళ మీద తేలిన ఆనవాళ్ళను ఏరి నౌకాదళానికి చూపించినవాళ్ళలో వేటకెళ్ళిన మత్స్యకారులున్నారు. 2008 నవంబరులో ముంబయి మీద దాడికి వచ్చినవాళ్ళు మన చేపలబోటు కుబేర్‌ను పట్టుకుని దాని మీదే తీరం దగ్గరికి వచ్చారు. వాళ్ళు ఒడ్డుకు దిగడం ముందుగా చూసింది మచ్చీమార్ కాలనీ జాలర్లు. ఆ తర్వాత తీర భద్రత గురించి చాలా చేశాం. మెరైన్ పోలీస్ స్టేషన్లు పెట్టాం, వేగంగా పోయే బోట్లు కొన్నాం, బోట్లకు రంగులు, నంబర్లు, జాలర్లకు గుర్తింపు కార్డులు ఇచ్చాం. జాలర్లు తీరానికి కళ్ళూ చెవులూ అని ప్రతి సభలోనూ అంటున్నాం. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్న తీరంలో ఏ రాత్రి చూసినా పోలీసు బోట్ల కంటే వేట బోట్లే ఎక్కువ. ఏ వెలుగు మామూలో, ఏ బోటు కొత్తదో, ఏ అల తేడాగా ఉందో బోటు నడిపే మన సరంగుకు తెలిసినట్టు రాడారుకు తెలియదు.

కానీ కళ్ళూ చెవులూ అని పిలిచినంత మాత్రాన వాళ్ళ మాట విన్నట్టు కాదు. అర్ధరాత్రి సముద్రం నుంచి సరంగు ఒకడు ఫోన్ చేసి ఫలానా చోట కొత్త బోటు ఉందంటే, అవతల ఎత్తినవాడు నమ్ముతాడా? ముందు నీ లైసెన్సు నంబరు చెప్పు, నీ పేపర్లు సరిగ్గా ఉన్నాయా అని మొదలుపెడతాడా? వేట మానుకుని కబురు చెప్పడానికి ఒడ్డుకొచ్చినవాడి డీజిలు ఖర్చు, పోయిన వేట ఎవరిస్తారు? చెప్పినందుకు స్టేషను చుట్టూ తిప్పితే రెండోసారి ఎవడు చెబుతాడు? ఇవి చిన్న ప్రశ్నలు కావు. లోలిటా డెప్త్ ఛార్జి పేలకపోవడం పరికరం లోపం, దాన్ని సరిచేసుకోవచ్చు. జేమ్స్ కార్గిల్ కబురు తొంభై ఏడు నిమిషాలు తీసుకోవడం మనుషుల మధ్య ఉన్న మెట్ల లోపం. అడ్మిరల్‌కూ వాచ్‌మన్‌కూ మధ్య ఎన్ని మెట్లున్నాయో శత్రువుకు అంత సమయం దొరికింది.

అందుకే తీర రక్షణకు ఎన్ని బోట్లు కొన్నామని లెక్క చెప్పేవాళ్ళను నేను ఇంకో లెక్క కూడా అడగాలనుకుంటున్నాను. భీమిలి దగ్గరో, నిజాంపట్నం దగ్గరో రాత్రి వేటలో ఉన్న ఒక జాలరి చూసిన సంగతి, నిర్ణయం తీసుకునే అధికారి చెవిన పడటానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? ఏటా తీరం పొడుగునా విన్యాసాలు చేస్తున్నాం. ఆ విన్యాసాల్లో ఈ లెక్క కూడా తీసి, వేట బోటు నుంచి కంట్రోల్ రూము దాకా పట్టిన సమయాన్ని జెట్టీ మీద బోర్డులో అందరికీ కనిపించేట్టు రాయాలి. తగ్గితే ఎవరి వల్ల తగ్గిందో ఆ సరంగుల పేర్లు కూడా రాయాలి. సిడ్నీ షికారు పడవలు నేర్పిన పాఠం నాకు అర్థమైనంతవరకు ఇదే: సముద్రం మీద కాపలా సామాన్యుడి కంటితో మొదలవుతుంది, ఆ కంటిని నమ్మే అధికారి ఉన్నప్పుడే అది పూర్తవుతుంది.